నేను చెయ్యెత్తింది దేనికి

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా గుమ్మం ముందుకి ఇద్దరు పిల్లలు వచ్చారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. మెడలో కార్డులు, చేతిలో ఫారాలు. బస్తీకి ఏం కావాలో కుర్రవాళ్లే కూర్చుని తేల్చాలని, అందుకు సర్కారు డబ్బిస్తుందని, ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటున్నామని హిందీలో చెప్పారు. మా మనవరాలు పింకీ మంచం మీద కూర్చుని జవాబులు చెబుతోంది. ఇంతకుముందు ఈ ఇంట్లో ఎవరైనా అలాంటి కమిటీలో ఉన్నారా అని అడిగితే, నా వైపు చూడకుండానే "నహీఁ" అనేసింది. నేను బియ్యం ఏరుకుంటూ "నానున్నానే" అన్నాను. పింకీ నవ్వి, "దాదీ, మజాక్ మత్ కరో" అంది, వేళాకోళం ఆడకు అని. "మజాకేటే? ఆ కమిటీ మొత్తానికి ఒక్కదాన్నే ఆడగుంటని. రాయమను" అన్నాను. ఫారంలో రాయడానికి చోటు లేదట, ఉన్నారు, లేరు అని రెండు గళ్లేనట. ఆ అమ్మాయి ఉన్నారు దగ్గర టిక్కు పెట్టి, మర్యాదకి కాబోలు, "అప్పుడు మీరేం తేల్చారు ఆంటీ?" అని అడిగింది. మేం ఏం తేల్చామో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలీదు.

అందుకే రాస్తున్నాను. రాయడం నాకు అలవాటు లేదు. మా బస్తీలో తెలుగు మాస్టారి దగ్గర నాలుగో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత రాసినవన్నీ ఉత్తరాలే, శ్రీకాకుళం వైపు మా చుట్టాలకి. ఉత్తరమైతే అందరూ క్షేమమా అని మొదలుపెట్టొచ్చు. దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక రెండు కాగితాలు చింపేశాను. నీళ్ల దగ్గర మొదలుపెడితే సులువనిపిస్తోంది.

కద్మాలో ఉక్కు కంపెనీ క్వార్టర్లున్నవాళ్లకి ఇంట్లోకే కుళాయిలు వచ్చేవి. క్వార్టర్లు దాటి నది వైపు దిగితే మా బస్తీ. అప్పుడిది బీహారు. మా వాళ్లంతా ఊళ్ల నుంచి వచ్చి ఇటుకా రేకూ పోగేసుకుని కట్టుకున్న ఇళ్లవి. అందరికీ కలిపి ఒకటే చేతిపంపు, ఇక్కడివాళ్లు చాపాకల్ అంటారు. అది దారి పక్కనే, నాలుగు వైపులా ఖాళీగా ఉండేది. మగవాళ్లకి ఏ బాధా లేదు, గోచీ పెట్టుకుని ఎప్పుడంటే అప్పుడు పోసుకునేవారు. ఆడవాళ్లు మాత్రం చీకటి ఉండగానే వెళ్లాలి. పొద్దున్న ఆరింటి షిఫ్టుకి మగవాళ్లు సైకిళ్ల మీద ఆ దారినే పోతారు కాబట్టి వాళ్లు బయల్దేరే లోపల అందరి స్నానాలూ అయిపోవాలి. నేనూ పక్కింటి పిల్లా పాత చీర చెరొక కొసా పట్టుకుని నిలబడితే, ఆ చాటున అమ్మ, మా అత్తలు ఒక్కొక్కరే వచ్చి పోసుకునేవారు. పుష్యమాసం చలిలో ఆ చీర తడిసి నా చేతుల్లో కర్రలా బిగుసుకుపోయేది. మొహం పక్కకి తిప్పుకుని నిలబడేదాన్ని. చూడకపోయినా ఎవరు పోసుకుంటున్నారో తెలిసేది. ఒక అత్త పళ్లు పటపటలాడించేది, ఒక అత్త చలిని తిట్టేది, అమ్మ దగ్గేది.

అమ్మకి ఉబ్బసం. చలికాలం వచ్చిందంటే ఆమె ఊపిరి పిల్లికూనలా మూలిగేది. కంపెనీ ఆస్పత్రి డాక్టరు తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకోవద్దని, ఎండెక్కాక పోసుకోమని రెండుసార్లు చెప్పాడు. "ఎండెక్కేక పోసుకోడానికి నానేటి గేదెనా, దారి మీద నిలబడి?" అనేది అమ్మ. ఆ మాట అంటూనే మా ఊళ్ల వైపు ఆడవాళ్ల పద్ధతిలో చుట్ట నిప్పు వైపు నోట్లోకి పెట్టుకుని పీల్చేది. మానెయ్యమంటే, లోపల వెచ్చగా ఉంటుందే అనేది. బొగ్గుల పొయ్యి పొగ, చుట్ట వాసన, నాన్న పని బట్టల్లోంచి వచ్చే కాలిన ఇనుము వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. ఇప్పుడు ఆ మూడిట్లో ఒక్కటి ఎక్కడైనా తగిలినా మిగతా రెండూ వాటంతటవే వచ్చేస్తాయి.

నాన్నది కొలిమి దగ్గర పని. అక్కడి వేడికి ఆయన గొంతు బొంగురుపోయింది. మా బస్తీలో రామనవమికి నాటకం వేస్తే హనుమంతుడి వేషం నాన్నదే. వయసులో ఉన్నప్పుడు ఆయన పద్యం నది అవతలకి వినపడేదట. నాకు తెలిసేనాటికి మూడో వరస దాటేది కాదు. వెనకనుంచి కుర్రాళ్లు "హనుమంతుడికి జలుబు సేసింది" అని అరిచేవారు. నాన్న ఇంటికొచ్చి మొహం కందిపోయేలా రంగు తోముకునేవాడు. మైకు ఒకటుంటే బాగుండునని ఆయన ఏడాది పొడుగునా అనుకునేవాడు. అమ్మకి చాపాకల్ చుట్టూ గోడ కావాలి, నాన్నకి మైకు కావాలి. ఇద్దరూ ఒకరినొకరు ఏమీ అనుకునేవారు కాదు. ఇద్దరి కోరికలూ తీరేవి కావు కాబట్టి గొడవ ఉండేది కాదు.

మా బస్తీకి పెద్ద సాములు తాత. పూర్తి పేరు అప్పలస్వామి. ఏ తగువైనా, ఏ చందా పనైనా ఆదివారం ఆయన అరుగు ముందు తేలాలి. దానికొక పద్ధతుండేది. తాత సంగతి చెప్పి, ఇలా చేద్దామనుకుంటున్నాం అని, చుట్ట ముట్టించేవాడు. "కాదన్నోలు సెయ్యెత్తండి" అనేవాడు. ఇష్టమైనవాళ్లు కదలకుండా కూర్చోవాలి. ఆ చుట్ట పూర్తయ్యేలోపు ఎవరి చెయ్యీ లేవకపోతే ఆ పని ఒప్పుకున్నట్టే. చెయ్యి లేచిందంటే పెద్దల మాటకి ఎదురు నిలబడ్డట్టు. నాకు ఊహ తెలిశాక అలా లేచిన చేతులు రెండో మూడో. ఆడదాని చెయ్యి ఒక్కటీ లేదు, ఆడవాళ్లు ఆ సభలో కూర్చునేవారు కాదు, గోడవార నిలబడి వినేవారు.

అలాంటి బస్తీకి సర్కారు బాబు ఒకాయన జీపులో వచ్చాడు. కుర్రవాళ్లంతా కమిటీ పెట్టుకోవాలి, కమిటీలో ఒక ఆడపిల్లయినా ఉండాలి, బస్తీకి ఏం కావాలో వాళ్లే కూర్చుని నిర్ణయించాలి, అప్పుడు సర్కారు డబ్బిస్తుంది, పెద్దలు మాత్రం కల్పించుకోకూడదు అని చెప్పి టీ తాగి వెళ్లిపోయాడు. జీపు మలుపు తిరిగింది. అప్పుడు సాములు తాత, "పిల్లలే తేల్చాలంట. సరే. ముందు మనం తేల్చీసి పిల్లలకి సెప్పీదాం" అన్నాడు. అందరికీ అది సబబుగానే తోచింది. మైకు సెట్టు అని తేల్చారు. నాన్న మొహం ఆ రోజు చూడాలి.

కమిటీలో మగపిల్లలు ఆరుగురు. వాళ్లకి పెద్ద గౌరి. పేరు గౌరీనాయుడు, నాకు బావ వరస, హైస్కూలు దాకా హిందీలో చదివాడు, నాటకంలో లక్ష్మణుడు. తర్వాత నా పెళ్లి అతనితోనే అయింది. ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఆఖరిదాకా దాచిపెట్టడం నాకు చేతకాదు. ఆడపిల్ల కావాలంటే ఎవరూ పంపలేదు. నాన్న మైకు మీద ఆశతో నన్ను పంపాడు. "కూకుని రా, అంతే. ఏటీ మాట్లాడక్కర్నేదు" అన్నాడు.

కమిటీ కాగితంలో ఒకటే కోరిక రాస్తే బాగుండదని, రెండైనా ఉండాలని గౌరి అన్నాడు. రెండోది ఏం రాయాలో ఎవరికీ తోచలేదు. "సాపాకల్ సుట్టూ గోడ రాయి బావా, తలుపున్న గోడ, ఆడోలకి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. మిగతా కుర్రాళ్లు నవ్వారు. గౌరి నవ్వలేదు. రాశాడు. రెండోదన్న దాన్ని మొదట రాశాడు, మైకుని దాని కింద రాశాడు. అలా ఎందుకు రాశాడో అప్పుడు అడగలేదు.

ఆ సంగతి అమ్మకి చెబితే నమ్మలేదు. పొయ్యిలో బొగ్గులు ఎగదోస్తూ, "కాయితమ్మీద ఎక్కిందా? నువ్వు సూసేవా?" అంది. చూశానన్నాను. "తలుపు కూడానా?" అంది.

నిర్ణయం రోజున బాబు మళ్లీ వచ్చాడు. ఆయనకి కుర్చీ, తాతకి అరుగు, మాకు చాప. మా వెనక పెద్దవాళ్లు నిలబడ్డారు. పెద్దలు కల్పించుకోకూడదన్నారు గాని నిలబడకూడదనలేదు కదా. ఆడవాళ్లు గోడవార. బాబు కాగితం తీసి ఆఫీసు హిందీలో ఏదో చదివాడు. నాకు బజారు హిందీ వచ్చు, కూరగాయల హిందీ వచ్చు, అది రాదు. మాకు అర్థం కాలేదని తెలిసి సాములు తాత పెద్దరికంగా దాన్ని తెలుగులోకి మార్చి చెప్పడం మొదలుపెట్టాడు. అది ఆయన హక్కు, అలవాటు కూడా. "మొదటిది, సాపాకల్ సుట్టూ గోడ. కాదన్నోలు సెయ్యెత్తండి" అన్నాడు. చుట్ట ముట్టించాడు.

ఎవరైనా చెయ్యెత్తుతారేమోనని ఓరగా చూశాను. ఒక్క చెయ్యి లేవలేదు. గౌరి నా వైపే చూస్తున్నాడు. నేను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వేళ్లు వేళ్లలో దూర్చి, ఊపిరి కూడా గట్టిగా తియ్యకుండా కూర్చున్నాను. ఆ నిమిషంలో నేను కదలకపోవడమే మా అమ్మకి కట్టే గోడ అనుకున్నాను. తాత చుట్ట సగం కూడా కాలలేదు, బాబు కాగితం మీద గీత గీసేశాడు. ఇంత తొందరగా ఒప్పేసుకున్నారే, సర్కారు సర్కారే అనుకున్నాను.

"రెండోది, మైకు సెట్టు. కాదన్నోలు సెయ్యెత్తండి" అన్నాడు తాత. గోడ వచ్చేసింది కదా, మైకు కూడా రావచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. కానీ డబ్బు ఒక్కదానికే వస్తుందని గౌరి ముందే చెప్పాడు. రెండూ ఒప్పుకుంటే పెద్దలు మైకే పట్టుకుపోతారు. వెనక నాన్న నిలబడి ఉన్నాడు, ఆయన పని బట్టల వాసన నాకు తెలుస్తోంది. నేను చెయ్యెత్తాను. సగం కాదు, పూర్తిగా, భుజం చెవికి తగిలేలా. జీవితంలో నాన్నకి ఎదురు చేసిన పని అదొక్కటే. కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి గౌరి చెయ్యి కూడా లేచి ఉంది. అతన్ని చూసి మిగతా ఐదుగురూ ఎత్తారు. అందరూ నా పక్కన నిలబడ్డారు, అందరూ మైకు వద్దంటున్నారు అనుకుని నాకు ఏడుపొచ్చింది. సాములు తాత చుట్ట నోట్లోనే ఆరిపోయింది. బస్తీ కుర్రాళ్లు మొత్తం ఆయన మాటకి ఎదురు తిరిగారని ఆయన మొహం నల్లగా మాడిపోయింది. బాబు ఒక్కడే హాయిగా నవ్వుతూ, "షాబాష్ బేటీ" అన్నాడు నాతో. మైకు ఏకగ్రీవం అన్నాడు. చేతులు కలిపి చప్పట్లు కొట్టాడు. మేమూ కొట్టాం.

కావాలన్నవాళ్లు చెయ్యెత్తండి అని బాబు హిందీలో అడిగాడు. తాత నోట్లోకి వచ్చేసరికి అది మా అరుగు పద్ధతిలోకి మారిపోయింది. ఇది నాకు ఇప్పుడు ఇలా ఒక్క ముక్కలో రాయడానికి వస్తోంది గాని, ఆ పూట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థమైనవాళ్లు కూడా పరాయివాడి ముందు సాములు తాతకి హిందీ రాదని ఎలా అంటారు? తాత కూడా కాసేపు తికమకపడి, "సరే, మైకొచ్చింది కదా" అని మళ్లీ చుట్ట ముట్టించాడు.

నాన్న బిష్టుపూర్ బజారు దాకా సైకిలు తొక్కి జిలేబీలు తెచ్చాడు. "అందరికన్నా ముందు నా కూతురే ఎత్తింది సెయ్యి" అని వీధంతా చెప్పాడు. పెద్ద ముక్క నాకు పెట్టాడు. తిన్నాను. ఏం చెయ్యను? అమ్మ పప్పు రుబ్బుతోంది. నాన్న బయటికి వెళ్లాక అడిగింది.

"ఎత్తేవా నేదా?"

"ఎత్తేనమ్మా."

"దేనికి?"

"మైకొద్దని."

"వద్దంటే వచ్చిందేటే?"

"తెల్దు."

"మరి గోడకి?"

"గోడ కావాలనే ఎత్తలేదు."

అమ్మ రుబ్బడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "కావాలని ఎత్తలేదు, వద్దని ఎత్తేవు. బాగుందే సర్కారు" అంది. దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా నేను రుబ్బాను.

మైకు వచ్చిన మర్నాడు అమ్మ సాములు తాత అరుగు దగ్గరికి వెళ్లింది. నన్నూ లాక్కెళ్లింది. అరుగు ఎక్కకుండా కిందే నిలబడి, "మావా, ఆ మైకు ఎవులిది?" అంది.

"పిల్లల్ది. సర్కారు పిల్లలకిచ్చింది."

"ఈ గుంట కూడా పిల్లే కదా. దీని సెయ్యి కూడా లేచింది కదా."

"లేచింది. అందరికన్నా ముందు లేచింది."

"అయితే పొద్దు పొడిసేక కొంతసేపు ఆ మైకు మాకియ్యి."

"ఆడోలకి మైకేటే? బజన సేత్తారా?"

"తానాలు సేత్తాం" అంది అమ్మ.

తాతకి అర్థమవడానికి కొంచెం పట్టింది. అర్థమయ్యాక నవ్వబోయి, అమ్మ ఊపిరి తీస్తున్న చప్పుడు విని మానేశాడు. ఆ వారం నుంచి ఆరింటి షిఫ్టు వెళ్లిపోయాక, ఎండ చాపాకల్ మీద పడే వేళకి మైకు మోగేది. మాట్లాడేది నేనే, ఇంకెవరూ ఒప్పుకోలేదు. గౌరి మీటలు తిప్పి నా చేతికిచ్చి అవతలికి పోయేవాడు. "ఆడోలు తానాలకెల్తన్నారు. మగోలు సాపాకల్ దారి రావొద్దు. అటు సుట్టు తిరిగి ఎల్లండి" అనేదాన్ని. మొదటి రోజు నా గొంతు రేకుల మీద తగిలి తిరిగొస్తే హడలిపోయాను. గమ్హరియాలో పనికి వెళ్లే కుర్రాళ్లు సైకిళ్లు వెనక్కి తిప్పుతూ "ఏ రేడియో స్టేషనే ఇది పైడీ?" అని ఏడిపించేవారు. ఒకసారి సాములు తాతే చెంబు పట్టుకుని సగం దారి వచ్చి, మైకు విని, గొణుక్కుంటూ తిరిగి వెళ్లాడు. అమ్మ ఎండలో పోసుకుంది. రెండు చలికాలాలు ఆమె ఊపిరి కొంచెం మెత్తబడింది. ఆ రెండేళ్లూ రామనవమికి నాన్న పద్యం క్వార్టర్ల దాకా వినపడింది. ఇంట్లో ఇద్దరూ సంతోషంగా ఉన్న రోజులంటే అవే. అప్పుడు నాకు గోడ గుర్తు కూడా రాలేదు.

మూడో ఏడు ఎవరి పెళ్లికో మైకు అరువిచ్చారు. వానలో తడిసి మూగగా తిరిగొచ్చింది. బాగు చేయించాలని అందరూ అన్నారు, ఎవరూ చేయించలేదు. సర్కారు బాబు మళ్లీ రాలేదు, కమిటీ మళ్లీ కూర్చోలేదు. మైకు లేకపోతే మగవాళ్లు కొన్నాళ్లు చుట్టు తిరిగారు, తర్వాత మరిచిపోయారు. అమ్మ మళ్లీ చీకట్లో చన్నీళ్లకి వెళ్లింది. ఇంకో రెండు చలికాలాలు వెళ్లింది. ఆ తర్వాత అమ్మ లేదు.

ఇప్పుడు ఇంటింటికీ బాత్రూము ఉంది. పింకీ ఫోను పట్టుకుని లోపలికెళ్లి గడియ పెట్టుకుంటే గంట దాకా రాదు. గీజరు నీళ్లు. బయట నిలబడి ఎవరూ ఏదీ పట్టుకోనక్కర్లేదు. మంచిదే. తలుపు గడియ పడిన చప్పుడు విన్నప్పుడల్లా నాకు మంచిదే అనిపిస్తుంది, వెనకే ఏదో తెలియని కోపం కూడా వస్తుంది. ఎవరి మీదో తెలీదు. ఆ రోజు బస్తీకి ఏం కావాలో తేల్చింది ఎవరు? మేమా, తాతా, బాబా? చుట్ట పద్ధతిలో గోడ ఒప్పుకున్నట్టే, కాగితం పద్ధతిలో మైకు ఒప్పుకున్నట్టే. రెండు పద్ధతుల్లోనూ నేనున్నాను.

పెళ్లయ్యాక, మా పెద్దవాడు కడుపులో ఉండగా, చేపలు తోముతూ మా ఆయన్ని అడిగాను. "నీకు హిందీ వచ్చు కదా బావా. ఆ సర్కారు బాబు అడిగింది నీకు తెలుసు కదా. గోడకి సెయ్యెందుకు ఎత్తలేదు?"

"నువ్వెత్తలేదు కదే."

"నాను గోడ కావాలనే ఎత్తలేదు."

"అదంతా నాకేటి తెలుసు? గోడ అడిగిందే నువ్వు. తీరా ఆ వేళకి సేతులు ఒళ్లో పెట్టుక్కూకున్నావు. మీ అయ్య తిట్టి మాన్పించేడు గావాల అనుకున్నాను. మైకు అనగానే నువ్వు ఎత్తేవు. సరే, పైడికి మైకే కావాల అని నానూ ఎత్తేను."

"నిజంగానా?"

"నిజం కాక?" అన్నాడు. నవ్వాడు. చేప నా చేతిలోంచి తీసుకుని తనే తోమడం మొదలుపెట్టాడు. మైకు వచ్చిన రోజు దాన్ని పసిబిడ్డలా గుండెకి ఆనించుకుని తెచ్చిన మనిషి ఆయనే. లక్ష్మణుడి మాటలు ఆ మైకులో చెప్పి బస్తీలో హీరో అయిన మనిషీ ఆయనే. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు, అదే నవ్వు. ఆయన పోయి రెండేళ్లయింది.

ఆయన చెప్పింది నిజమైతే, గోడ పోయింది నా చేతుల వల్ల. అబద్ధమైతే, ఆయన వల్ల. నిజమే అయ్యుండాలని చాలా రోజులు కోరుకున్నాను, తప్పు నా మీద పడినా సరే. అమ్మ దగ్గు గుర్తొచ్చిన రోజున మాత్రం అలా కోరుకోలేను.